కార్మికుల ఆరోగ్య సదస్సు: వేదిక మీదికి ఎవరిని పిలవాలి?

మీరు రాసిన వివరాల ప్రకారం సంగారెడ్డి జిల్లాలో నాలుగైదు సంఘాలు కలిసి ‘కార్మికులు – ఆరోగ్యం’ పేరుతో ఒక రోజు సదస్సు పెడుతున్నారు. ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులు, ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది, ఆశాలు కలిసి రెండు వందల మంది దాకా వస్తారు. అతిథుల జాబితాలో మంత్రి గారు, ఎమ్మెల్యే గారు, రాష్ట్ర నాయకులు ఇద్దరు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) అధికారి ఒకరు, కార్పొరేట్ ఆసుపత్రి గుండె వైద్యుడు, రిటైరైన ప్రొఫెసర్, ఇంకో నలుగురు: మొత్తం పదకొండు మంది. ఇంకెవరిని చేరిస్తే బాగుంటుందని అడిగారు.

ముందు ఆరుగురిని తీసేయండి. చేర్చే సంగతి తరువాత చూద్దాం.

ఆహ్వాన సంఘం సమావేశాల్లో ఇలాంటి జాబితా ఎలా తయారవుతుందో నాకు బాగా తెలుసు. ప్రతి సంఘానికీ తమ నాయకుడొకరు వేదిక మీద కనిపించాలి. హాలు తక్కువ అద్దెకు ఇప్పించినాయన బావమరిది డాక్టరు, ఆయన్ని వదలలేం. పోయినసారి పిలిచినవారిని ఈసారి పిలవకపోతే నొచ్చుకుంటారు. అలా వేదిక నిండుతుంది, హాలు ఖాళీ అవుతుంది. పదకొండు మందికి తలా ఇరవై నిమిషాలు ఇచ్చినా మూడు గంటల నలభై నిమిషాలు. దానికి స్వాగతం, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఫొటోలు కలిపితే భోజనాల వేళ దాటిపోతుంది. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మికుడు అప్పటికి కుర్చీలోనే నిద్రపోతుంటాడు. తప్పు అతనిది కాదు.

ఏళ్ల తరబడి ఇలాంటి సభలు నడిపినవాడిగా, అంతకంటే ఎక్కువ సభల్లో వెనక వరసలో కూర్చున్నవాడిగా, అతిథి పేరు ఎవరు ప్రతిపాదించినా నేను ఒక్కటే అడుగుతాను. ఈయన మాట్లాడి వెళ్లాక మన కార్మికుడి చేతిలో ఏమి మిగులుతుంది? ఫలానా ఫారం నింపాలన్న సమాచారమా, ఫలానా పరీక్ష చేయించుకోవాలన్న సలహానా, ఫలానా తేదీలోగా చూస్తామన్న మాటా? ఏదీ లేకపోతే ఆయన ఎంత పెద్దవారైనా ఆ రోజుకు అక్కర్లేదు. వేరే సభకు పిలుచుకోవచ్చు.

మీరు పెట్టిన పేరు కింద నిజానికి మూడు విషయాలు ఉన్నాయి. పని వల్ల వచ్చే జబ్బులు ఒకటి. జబ్బు చేసిన కార్మికుడికి వైద్యం, సెలవు, డబ్బు ఎలా అందుతాయన్నది రెండోది, అంటే ముఖ్యంగా ఈఎస్‌ఐ. వైద్యరంగంలోనే పనిచేసేవాళ్ల భద్రత, జీతభత్యాలు మూడోది. మూడూ తెలిసిన వక్త ఎక్కడా దొరకడు. మూడింటికీ వేర్వేరు మనుషులు కావాలి, ఒక్కోదానికి ఒకరిద్దరు చాలు. నేనైతే అయిదుగురు బయటి వక్తలతో సరిపెడతాను. మిగిలిన సమయం కార్మికులది.

వక్తల జాబితాలో మొదటి పేర్లు కార్మికులవే ఉండాలి. ‘అనుభవాలు పంచుకుంటారు’ అని సాయంత్రం నాలుగింటికి, అధికారులంతా వెళ్లిపోయాక మైకు ఇస్తారు చూడండి, అలా వద్దు. ఉదయం మొదటి గంట వాళ్లకివ్వండి. ముగ్గురో నలుగురో, తలా ఎనిమిది నిమిషాలు. అధికారులు, డాక్టర్లు ముందు వరసలో కూర్చుని వినాలి. కార్మికులు చెప్పింది విన్నాక మాట్లాడే అధికారి ఇంటి దగ్గర రాసుకొచ్చిన ఉపన్యాసం చదవలేడు. అడిగినదానికి జవాబు చెప్పాల్సివస్తుంది. ఈ ఒక్క క్రమం మారిస్తే సభ స్వభావమే మారుతుంది.

ఆ కార్మికులను ముందే కలిసి సిద్ధం చేయాలి. సిద్ధం చేయడమంటే మన మాటలు వాళ్ల నోట పలికించడం అనుకునే కార్యకర్తలు ఉంటారు, వాళ్లను దూరంగా ఉంచండి. మూడే అడగండి: మీ పనిలో చేతికి, ముక్కుకి, వంటికి ఏమి తగులుతుంది? జబ్బు ఎలా మొదలైంది? ఆసుపత్రికో ఆఫీసుకో వెళితే ఏమన్నారు? ఈ మూడింటికీ జవాబు వస్తే ఉపన్యాసం తయారైనట్టే. కాగితాలు తెమ్మనండి.

ఒకసారి మా సభలో ఒక ఫౌండ్రీ కార్మికుడు మాట్లాడాడు. పోత పోసిన ఇనుప భాగాలకు అంటుకున్న ఇసుకను గ్రైండింగు పట్టి తీసే పని. దగ్గు, ఆయాసం. టీబీ అన్నారు, మందుల కోర్సు వాడాడు, తగ్గలేదు, మళ్లీ కోర్సు రాశారు. వెంట తెచ్చుకున్న బట్టల దుకాణం కవరు లోంచి ఎక్స్‌రే ఫిల్ములన్నీ తీసి బల్ల మీద పరిచాడు. మేము పిలిచిన ఊపిరితిత్తుల డాక్టరు గారు తన ఉపన్యాసం పక్కనపెట్టి ఒక్కో ఫిల్మూ ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూశారు. ఈ కాగితాల మీద ఎక్కడైనా మీ పని ఏమిటో రాశారా అని అడిగారు. వెతికితే ఎక్కడా లేదు. పేరు, వయసు, బరువు, బీపీ అన్నీ ఉన్నాయి. తాను ఇసుక దుమ్ములో పనిచేస్తానన్న మాట ఎవరూ అడగలేదు, తనకూ చెప్పాలని తోచలేదు. హాల్లో ఉన్న ఫౌండ్రీ, క్రషర్ కార్మికులు ఆ తరువాతి వారం నుంచి చీటీ రాయించుకునేటప్పుడు పని పేరు కూడా రాయమని అడగడం మొదలుపెట్టారు. ఆ డాక్టరు గారు సిలికోసిస్ (ఇసుక, రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) మీద గంటసేపు మాట్లాడినా ఈ పని జరిగేది కాదు.

‘నీ పని ఏమిటి’ అని రోగిని అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే చెప్పాడు. మన ఓపీ చీటీల్లో ఆ గడి ఇప్పటికీ కరువే.

ఇలాంటి డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంటుంది, మొదట అక్కడ అడగండి. ఊపిరితిత్తుల విషయమైతే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పనిచేసినవారిని, రిటైరైనవారిని వాకబు చేయండి. పారిశ్రామిక ఆరోగ్యంలో ఏఎఫ్‌ఐహెచ్ అనే కోర్సు చేసినవాళ్లు ఉంటారు, ఫ్యాక్టరీల్లో డాక్టర్లుగా ఎక్కువగా వాళ్లే పనిచేస్తారు. విషయం తెలిసినవాళ్లే, కానీ ఉద్యోగంలో ఉన్న కంపెనీ డాక్టరును వేదిక ఎక్కించి ఇరుకున పెట్టకండి. నోరు తెరిస్తే యాజమాన్యానికి కోపం, తెరవకపోతే మనకు కోపం. శ్రోతగా పిలవండి, వస్తే సంతోషం. రిటైరైన కంపెనీ డాక్టరు దొరికితే మాత్రం వదలొద్దు. రిజిస్టర్లలో ఏది రాస్తారో, ఏది రాయరో ఆయన చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేరు. లోతైన సాంకేతిక సాయం కావాలంటే అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద పనిచేస్తుంది. అక్కడి శాస్త్రవేత్తను ఒక రోజు జిల్లా సభకు రప్పించడం ఖర్చు, ప్రయాస. అయిదారు ప్రశ్నలు రాసి పంపి, వచ్చిన జవాబును మన డాక్టరు చేత చదివించడం తేలిక.

కార్పొరేట్ ఆసుపత్రి గుండె వైద్యుడి గురించి నిర్మొహమాటంగా చెబుతాను, ఆయన వద్దు. ఆయన మంచివారే కావచ్చు. వచ్చి ఏమి చెబుతారో ఇప్పుడే చెప్పగలను: ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, పొగ మానండి, పండ్లు తినండి, ఒత్తిడి పెంచుకోకండి. పన్నెండు గంటల షిఫ్టు నిలబడి చేసేవాడికి నడవమని చెప్పడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియని సందర్భాలు ఉన్నాయి. జబ్బుకు కారణం కార్మికుడి అలవాట్లేనన్న భావన ఆ ఉపన్యాసంతో హాలంతా పరుచుకుంటుంది. ఉదయం నుంచి మనం చెప్పిందంతా పోతుంది. పైగా ఆ ఆసుపత్రివాళ్లు బ్యానరు ఖర్చు పెట్టుకుంటామంటారు, ఉచిత వైద్య శిబిరం పెడతామంటారు, డిస్కౌంటు కూపన్లు పంచుతారు. హాలు బయట బీపీ, షుగరు పరీక్షల బల్ల పెట్టిన క్షణం నుంచి లోపల కుర్చీలు ఖాళీ. శిబిరం పెట్టాలనుకుంటే ఇంకో రోజు పెట్టుకోండి.

ఇక ఈఎస్‌ఐ. మీ సభలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను. మీ జాబితాలో ‘ఈఎస్‌ఐ అధికారి ఒకరు’ అని ఉంది. ఒకరు చాలరు. డిస్పెన్సరీలు, అక్కడి డాక్టర్లు, మందులు రాష్ట్ర ప్రభుత్వ బీమా వైద్య సేవల శాఖ కింద ఉంటాయి. చందా వసూలు, అనారోగ్య సెలవు డబ్బు, ప్రమాద పరిహారం, ప్రసూతి డబ్బు చూసేది కేంద్రం కింద ఉండే కార్పొరేషన్, మనకు కనిపించే ముఖం దాని బ్రాంచి ఆఫీసు. సనత్‌నగర్ పెద్ద ఆసుపత్రిని కార్పొరేషనే నేరుగా నడుపుతోంది. ఒక్కరినే పిలిస్తే ఏమవుతుందో ఊహించండి. మందులు లేవని అడిగితే అది రాష్ట్ర శాఖ చూస్తుంది అంటారు. డబ్బు రాలేదని డిస్పెన్సరీ డాక్టరును అడిగితే అది బ్రాంచి ఆఫీసు పని అంటారు. రెండూ నిజాలే. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ప్రశ్న అడిగి, ఇద్దరిలో ఎవరిదో అక్కడే తేల్చమనండి. ఇద్దరూ ఒకే వేదిక మీద ఉండగా ‘నాది కాదు’ అనడం కష్టం.

వాళ్లను ‘ఈఎస్‌ఐ పథకం విశిష్టత’ మీద మాట్లాడమని అడగొద్దు. పథకం 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైందని, అప్పటి నుంచి ఎంత పెరిగిందని చెప్పి గడియారం చూసుకుంటారు. నెల ముందే ప్రశ్నలు రాసి పంపండి. నేనైతే మీ జిల్లాకు ఇవి పంపుతాను. జీతంలో 0.75 శాతం కార్మికుడి నుంచి కోస్తున్నారు, యజమాని వాటా 3.25 శాతం, ఈ రెండూ జమ అయ్యాయో లేదో కార్మికుడు తన ఫోనులో ఎలా చూసుకోవాలి? ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉంటేనే అనారోగ్య సెలవు డబ్బు వస్తుంది, 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత బీమా నంబరు వదిలేసి కొత్తది తీస్తున్నారు, దాంతో 78 రోజులు రెండు నంబర్ల మధ్య చీలిపోతున్నాయి. వీటిని కలిపించుకోవాలంటే ఎవరికి, ఏ కాగితాలతో దరఖాస్తు ఇవ్వాలి? 2017 జనవరిలో పెట్టిన 21,000 రూపాయల వేతన పరిమితిని జీతం మధ్యలో దాటితే ఆ చందా కాలం చివరిదాకా కార్డు పనిచేస్తుందా, ఆ సంగతి డిస్పెన్సరీకి ఎవరు చెబుతారు? పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే 90 శాతం లెక్కన రావాల్సిన డబ్బుకు ప్రమాద నివేదిక యజమాని పంపకపోతే కార్మికుడు ఏమి చేయాలి?

ఇందులో కొన్నిటికి జవాబు మీకూ నాకూ తెలుసు. అయినా అధికారి నోట, మైకులో, రెండు వందల మంది ముందు రావాలి. కార్మికుడు రేపు కౌంటరు దగ్గర ‘ఫలానా సార్ సభలో ఇలా చెప్పారు’ అని అనగలగాలి. అందుకే రికార్డు చేస్తామని కూడా ముందే చెప్పండి. చాటుగా రికార్డు చేసి తరువాత వాట్సాప్‌లో తిప్పితే ఆ అధికారి మళ్లీ ఏ సంఘం పిలిచినా రాడు.

వైద్యరంగం కార్మికుల విషయానికి వస్తే, మన సభల్లో ఒక దృశ్యం నాకు ఒళ్లు మండిస్తుంది. ఆశాలు యూనిఫాం చీరల్లో గుమ్మం దగ్గర వరసగా నిలబడి అతిథులకు పూలగుత్తులు ఇస్తారు. ఆ తరువాత వేదిక మీది పెద్దలు వాళ్లను ‘ఆరోగ్య సేనానులు’ అని పొగుడుతారు. వాళ్ల చేతికి మైకు రాదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ ఉద్యోగాన్ని కేంద్రం ఇప్పటికీ స్వచ్ఛంద సేవ అనే అంటోంది, డబ్బును పారితోషికం అంటోంది. వాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని 2013లో ప్రభుత్వం, యజమానులు, సంఘాలు కలిసి కూర్చునే 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పురస్కారం అందింది, సిఫారసు అలాగే ఉంది. మీ సభలో ఒక ఆశా వక్తగా మాట్లాడాలి, తన గ్రామం ఆరోగ్యం మీద కాకుండా తన సొంత ఆరోగ్యం మీద. అర్ధరాత్రి కాన్పు కేసుతో వెళ్లి తిరిగి రావడం, సర్వేల రోజుల్లో తిండి వేళ తప్పడం, ఆమెకు జ్వరమొస్తే సెలవు ఎవరిస్తారన్నది. పూలగుత్తుల పని మీ యువ కార్యకర్తలకు అప్పగించండి. అసలు పూలగుత్తులే వద్దంటే ఇంకా మంచిది.

ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికులకు ఇన్ఫెక్షన్ల నియంత్రణ చూసే నర్సును పిలవండి. పెద్ద ఆసుపత్రుల్లో ఈ బాధ్యత ఒక స్టాఫ్ నర్సుకు అప్పగిస్తారు. డాక్టరు కంటే ఆమె బాగా చెబుతారు, ఎందుకంటే చెత్త సంచుల దగ్గర రోజూ నిలబడేది ఆమె. సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని పీల్చకూడదని, సబ్బు నీళ్లతో కడగాలని, వెంటనే చెప్పి రిజిస్టరులో రాయించాలని, హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలని చెప్పించండి. పసుపు, ఎరుపు సంచులు, గాజుకు నీలం గుర్తు డబ్బా, సూదులకు గుచ్చినా దిగని తెల్ల డబ్బా చేతపట్టి చూపించమనండి. హాల్లో అందరూ ముందుకు వంగి చూస్తారు. ఆమె తరువాత ఒక్క ప్రశ్న మైకులో వేయండి: కాంట్రాక్టు సిబ్బందిలో హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడినవారు చేతులెత్తండి. బయో మెడికల్ వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం ఈ చెత్త ముట్టుకునే ప్రతివారికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, చేరేటప్పుడూ ఏటా వైద్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టరు మనిషి అని తప్పించుకునే వీలు లేదు. లేచిన చేతులు లెక్కపెట్టి రాసుకోండి, మీ వినతిపత్రానికి అదే మొదటి వాక్యం.

చట్టం చెప్పేవారు ఒకరు తప్పనిసరి, ఇప్పుడు మరీను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. మీరు పిలిచే వకీలు గారు పాత సెక్షన్ల నంబర్లే ఇంకా చెబుతుంటే సున్నితంగా వద్దనండి. సంఘాలకు ఈ కోడ్‌ల మీద ఉన్న వ్యతిరేకత వేరే సంగతి, దానికి మీ నాయకులున్నారు. వకీలు చెప్పాల్సింది రేపటి పని. నలభై ఏళ్లు పైబడినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష అని కొత్త కోడ్ కింద చెబుతున్నారు కదా, ఆ రిపోర్టు కార్మికుడి చేతికి వస్తుందా, కంపెనీ బీరువాలో ఉంటుందా? వృత్తి వ్యాధి కనిపెట్టిన డాక్టరు అధికారులకు తెలియజేయాలన్న బాధ్యత 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్‌లో ఉండేది, కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. డాక్టరు రాయకపోతే సంఘం ఏమి చేయవచ్చు? సుప్రీంకోర్టు 1995లో ఆస్‌బెస్టాస్ కేసులో కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని, ఆ పరిశ్రమ ఆరోగ్య రికార్డులు కనీసం నలభై ఏళ్లు భద్రపరచాలని చెప్పింది. ఆ తీర్పును ఒక రసాయన కంపెనీ కార్మికుడు ఎలా వాడుకోవచ్చో చెప్పగల వకీలు కావాలి. తీర్పులు వల్లించేవారు చాలామందే ఉన్నారు, వేతన బకాయిలు, పరిహారం కేసులు రోజూ నడిపే జిల్లా కోర్టు వకీలు హైకోర్టు పెద్ద పేరు కంటే మీకు ఎక్కువ ఉపయోగం.

మీరు ఉన్న చోట ఇంకొకటి మరిచిపోకూడదు. 2025 జూన్ 30న మీ జిల్లాలోనే పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎందరో. మీ పదకొండు మంది జాబితా మొత్తం తెలుగు వక్తలే. పటాన్‌చెరు చుట్టుపక్కల ప్రమాదకరమైన పనుల్లో ఎవరున్నారో వాళ్లకు అర్థంకాని భాషలో సభ పెడుతున్నారన్నమాట. హిందీలో మాట్లాడగల కార్మిక వక్త ఒకరు, ఒడియా తెలిసిన కార్యకర్త ఒకరు ఉండాలి. వెనక కుడివైపు రెండు వరసలు కేటాయించి, అక్కడ ఎవరైనా పక్కన కూర్చుని మెల్లగా అనువదిస్తే చాలు, యంత్రాలేమీ అక్కర్లేదు. ఇక ఆ ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాన్ని వేదిక మీదికి పిలవాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. వాళ్లే మాట్లాడతామంటే గౌరవంగా పిలవండి. కెమెరాల ముందు ఏడిపించడానికైతే వద్దు. పరిహారం ఎంత వచ్చింది, ఎంత రావాలి, ఏ ఆఫీసులో ఆగిందన్నది వాళ్ల తరఫున సంఘం మనిషి కాగితం చూసి చదివినా ఫలితం అదే.

పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికుడు వేదిక ఎక్కితే మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారన్న భయం ఉంది, ఆ భయం ఉత్తది కాదు. ఉదయం గంట లైవ్ ఇవ్వకండి, ఫొటోలు తీయనివ్వకండి, కంపెనీ పేరు చెప్పక్కర్లేదని ముందే చెప్పండి. రిటైరైనవారు, ఆ పని మానేసినవారు దొరికితే వాళ్లకే ప్రాధాన్యం ఇవ్వండి.

మంత్రి గారి సంగతి. ఆయన పదిన్నరకు వస్తానంటారు, పన్నెండున్నరకు వస్తారు, అందాకా సభ మొదలుపెట్టలేరు. వచ్చాక పోలీసులు, అనుచరులు, సెల్ఫీలు. నా సలహా: మంత్రి, ఎమ్మెల్యేలను ప్రారంభానికి పిలవకండి, మధ్యాహ్నం మూడింటికి తీర్మానాలు అందుకోవడానికి పిలవండి. రాకపోతే నష్టం లేదు, మర్నాడు మీరే వెళ్లి ఇవ్వవచ్చు. వస్తే ఆయన చేతిలో ప్రశంసాపత్రానికి బదులు డిమాండ్ల పత్రం ఉంటుంది. రాష్ట్ర నాయకుల్లో ఒకరు ముగింపులో పదిహేను నిమిషాలు మాట్లాడితే చాలు. రెండోవారికి సభాధ్యక్షత ఇవ్వండి, అలకా తీరుతుంది, పనీ జరుగుతుంది. కానీ అధ్యక్షుడు ప్రతి వక్త తరువాతా పది నిమిషాలు సారాంశం చెప్పే రకమైతే ముందే ఒట్టు వేయించుకోండి. అయిదు నిమిషాలు మిగిలాయన్న చీటీ అందించి, సమయం అయ్యాక లేచి నిలబడే ధైర్యం ఉన్నవారే ఆ కుర్చీకి తగినవారు.

ప్రొఫెసర్ గారిని ఉంచాలా అన్నది ఆయన ఏమి మాట్లాడతారన్నదాన్ని బట్టి. ప్రపంచీకరణ నేపథ్యం అయితే అక్కర్లేదు. బయటి ప్రాంతం అనుభవం ఒకటి వినిపించాలనుకుంటే ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా గురించి చెప్పగలవారిని వెతకండి. ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు, శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని సంఘం, సొంత చందాలతో, సొంత శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1977 పోలీసు కాల్పుల్లో చనిపోయిన కార్మికుల జ్ఞాపకంగా ఆ పేరు. నియోగీని 1991లో చంపేశారు, ఆసుపత్రి మాత్రం నడుస్తూనే ఉంది. సంఘమంటే జీతాల బేరం ఒక్కటే అనుకునే కుర్రవాళ్లకు ఈ కథ పదిహేను నిమిషాలు చెబితే కళ్లు విప్పారతాయి. వచ్చే వక్త హిందీలో మాట్లాడితే అనువాదంతో సమయం రెట్టింపవుతుందని లెక్కలో పెట్టుకోండి.

ఇక చిల్లర విషయాలు. అధికారులను వ్యక్తి పేరుతో పిలవకండి. ఆఫీసు అధిపతికి సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, ప్రశ్నలు జతచేసి, వీటికి జవాబు చెప్పగల అధికారిని పంపమని కోరండి. పేరుతో పిలిస్తే ఆయన బదిలీ అయిన రోజున మీ కార్యక్రమం కూడా బదిలీ అవుతుంది. ఎన్నికల కోడ్ ఉంటే అధికారులు రారు, స్థానిక ఎన్నికల తేదీలు చూసుకోండి. ఆదివారం పెడితే కార్మికులు వస్తారు, ఆఫీసులవాళ్లు గునుస్తారు. వారం మధ్యలో పెడితే తిరగబడుతుంది. ఆదివారమే పెట్టి, అధికారులకు పదకొండు నుంచి ఒంటిగంట దాకా అని కచ్చితమైన సమయం రాసి, ఆ సమయానికే వాళ్ల సెషను నడపండి. సమయం పాటించే సంఘమని ఒకసారి పేరొస్తే రెండోసారి ఆదివారమైనా వస్తారు.

ప్రశ్నలకు మైకు తిప్పితే నలుగురు మగవాళ్లే మాట్లాడతారు, అందులో ఇద్దరు ప్రశ్నకు బదులు ఉపన్యాసం ఇస్తారు. చీటీలు పంచండి. రాయడం రానివారికి రాసిపెట్టడానికి ఇద్దరు కార్యకర్తలు వరసల మధ్య తిరగాలి. ఆడవాళ్ల నుంచి నెలసరి సెలవు, మరుగుదొడ్డి, గర్భసంచి ఆపరేషన్ల గురించి ప్రశ్నలు చీటీల మీదే వస్తాయి, మైకులో రావు. వాటికి జవాబు చెప్పగల లేడీ డాక్టరు ముందు వరసలోనైనా ఉండాలి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. మాట్లాడటానికి వచ్చే కార్మికులకు పోయిన కూలీ, బస్సు చార్జీ ఇవ్వండి, అందరి ముందూ కాదు, కవరులో. దూరం నుంచి వచ్చే డాక్టరు, వకీలు చార్జీలు అడగరు, మీరే అడిగి ఇవ్వండి. శాలువా, జ్ఞాపిక ఖర్చు మొత్తం లెక్కేస్తే ఈ చార్జీలు దాదాపు అందులోనే వెళ్లిపోతాయి.

సభలో అధికారులు ఇచ్చిన ప్రతి మాటా ఒకరు నోటు రాసుకోవాలి: ఎవరు, ఏమి, ఎప్పటిలోగా. వారంలోగా అదే ఆఫీసుకు ధన్యవాదాల లేఖ పంపండి, అందులో ఆ మాటలన్నీ వరస నంబర్లతో రాసి, రసీదు ముద్ర వేయించుకోండి. నెల తరువాత అదే లేఖ పట్టుకుని వెళ్లండి. తేదీ ఖరారైతే బ్రాంచి ఆఫీసుకు పంపే ప్రశ్నల చిత్తుప్రతి ఇక్కడ పెట్టండి, చూసి దిద్దుతాను. కాంట్రాక్టరు మార్పు వల్ల రెండు బీమా నంబర్లు ఉన్న కార్మికుల కేసులు ఇప్పటి నుంచే జీతం చీటీలతో సహా సేకరించడం మొదలుపెట్టండి. సభ నాటికి అయిదారు పక్కా కేసులు చేతిలో ఉంటే ఆ అధికారితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.